మీ బరువు, మీ స్ప్రింగు

మీ బరువెంత?

నిజంగానే అడుగుతున్నాను. మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఇలా సూటిగా ఎవరూ అడగరు. "ఏమిటమ్మా, చిక్కిపోయావు" అంటారు. "కొంచెం ఒళ్ళు చేశావు" అంటారు. మా అవ్వ నోట నేను చిన్నప్పుడు విన్న కొద్దిపాటి తెలుగులో ఈ రెండు మాటలూ ఉన్నాయి. కానీ అంకె మాత్రం ఎవరూ చెప్పరు. మోటార్‌సైకిల్ నడిపేవారికి ఆ అంకె కావాలి. హెల్మెట్, జాకెట్, బూట్లు, వీపు సంచి అన్నీ వేసుకుని తూకం యంత్రం మీద నిలబడితే వచ్చే అంకె. అది ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. బండి నడపనివారు కూడా చదవండి. కొత్త మాటలు కొన్నే ఉన్నాయి, వాటిని వివరిస్తాను.

నేను కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పుట్టింది ఫిజీలో. ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడేవాళ్ళం. తెలుగు చదవడం, రాయడం నలభై దాటాక ఇక్కడి గుడిలో, ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను. అక్కడ పువ్వుల పేర్లు, పండ్ల పేర్లు, చుట్టరికాల పేర్లు నేర్పారు. మోటార్‌సైకిల్ భాగాల పేర్లు నేర్పలేదు. అందుకే ఫోర్క్‌ను ఫోర్క్ అనే రాస్తాను. ఒక్క మాటకు మాత్రం తెలుగు దొరికింది. నేల కుంగింది, గోడ కుంగింది అంటాం కదా. బరువు పడినప్పుడు స్ప్రింగు కూడా అలాగే కుంగుతుంది. బండి మీద మనిషి కూర్చుంటే ఫోర్క్ ఎంత కిందికి దిగుతుందో, దాన్ని నేను "కుంగు" అంటాను. మా గుడి పంతులమ్మ ఒప్పుకున్నారు.

ముందు ఫోర్క్ గురించి. బండి ముందు చక్రానికి రెండు పక్కలా రెండు గొట్టాలు ఉంటాయి. ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది. లోపల పొడుగాటి స్ప్రింగు, కొంత ఆయిల్ ఉంటాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. ఆయిల్ ఊపును ఆపుతుంది. గొట్టం పూర్తిగా సాగిన చోటి నుంచి పూర్తిగా ముడుచుకునే చోటి దాకా ఎంత దూరం ఉందో అది ఫోర్క్ ప్రయాణం. నా బండిలో అది సుమారు 130 మిల్లీమీటర్లు. రోడ్డు మీద మనకు ఉన్న ఆస్తి అంతా ఆ 130 మిల్లీమీటర్లే. గుంత వచ్చినా, బ్రేకు వేసినా అందులోంచే ఖర్చు పెట్టాలి.

మనిషి ఊరికే కూర్చుంటే ఆ ప్రయాణంలో నాలుగో వంతుకు మించి, మూడో వంతు లోపల కుంగాలి. మామూలు రోడ్డు బండికి 35 నుంచి 40 మిల్లీమీటర్లు. అంతకంటే బాగా ఎక్కువ కుంగితే, గుంతకూ బ్రేకుకూ చోటు మిగలదు. బాగా తక్కువ కుంగితే ఏమవుతుంది? చాలామంది "గట్టిగా ఉంటే మంచిదేగా" అంటారు. కాదు. రోడ్డులో పల్లం వస్తే చక్రం కిందికి దిగి నేలను పట్టుకోవాలి. స్ప్రింగు ముందే కాస్త కుంగి ఉంటేనే చక్రానికి దిగే చోటు ఉంటుంది. లేకపోతే చక్రం రోడ్డు మీద గెంతుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు.

ఇదంతా నాకు పాఠంగా తెలుసు. ఏటా సెప్టెంబరులో తరగతిలో స్టాండుకు ఒక స్ప్రింగు వేలాడదీసి, దానికి బరువులు తగిలించి, ఎంత సాగిందో పిల్లల చేత కొలిపిస్తాను. బరువు రెట్టింపైతే సాగడం రెట్టింపవుతుంది. రాబర్ట్ హుక్ 1676లో ఈ సంగతిని అక్షరాలు కలగాపులగం చేసి పొడుపుకథలా అచ్చు వేశాడు. 1678లో విప్పి చెప్పాడు. పిల్లలకు పాఠం కంటే ఆ పొడుపుకథ నచ్చుతుంది. కానీ పోయిన శీతాకాలంలో ఈ పాఠం మా ఇంటి గొడవ అయింది.

మా అక్క కూతురు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ. మాడెస్టో దగ్గర 99వ నంబరు హైవే మీద వెళ్ళి వస్తుంది. పై చదువుకు డబ్బు కూడబెడుతోంది కాబట్టి కారు కొనలేదు. వాడిన 650 సీసీ బండి ఒకటి కొంది. నాదీ అదే బండి, అదే తరం. నేను కొన్న ఏడాదికి ఆమె కొంది. జనవరిలో ఒక ఉదయం డ్యూటీ నుంచి వస్తూ ఉంది. మా లోయలో ఆ నెలల్లో టూలీ పొగమంచు పడుతుంది. రోడ్డు తడి. హైవే దిగే వంపులో కాంక్రీటు పలకల అతుకుల మీద ముందు చక్రం టకటకమని గెంతి, పక్కకు జారింది. పడలేదు. గీత దాకా వెళ్ళి ఆగింది. ఇంటికి వచ్చి వాళ్ళ అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

అక్క నాకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, బండి అమ్మేయమని చెప్పు. నీ మాట వింటుంది."

మేనకోడలు వెనకాలే ఫోన్ చేసింది. "మామా, బండి అమ్మితే నాకు ఉద్యోగానికి దారి లేదు. అసలు ఏం జరిగిందో నాకు తెలియాలి." ఆమె ఇంగ్లీషులోనే అంది. తెలుగులో రాస్తున్నది నేను.

ఇద్దరిదీ న్యాయమే. నేను అక్కకు ఒక్క మాట ఇచ్చాను: రెండు ఆదివారాలు ఇవ్వు, బండిలో లోపం ఏమిటో కనిపెడతాను, కనిపెట్టలేకపోతే నేనే అమ్మిస్తాను. ఆ మాట తేలిగ్గా ఇవ్వలేదు. ఆ పిల్లకు ఏమైనా అయితే అక్క ముఖం నేను చూడలేను.

మొదట టైర్లు చూశాం. బాగున్నాయి. గాలి సరిగ్గా ఉంది. చక్రం బేరింగులు, స్టీరింగు బేరింగులు బాగున్నాయి. ఒక షాపులో అప్పటికే "ప్రీలోడ్" తగ్గించి పంపారట. తేడా ఏమీ రాలేదట. రాదు కూడా. ఎందుకో చెబుతాను.

ప్రీలోడ్ అంటే మీరు ఎక్కకముందే స్ప్రింగును ఎంత నొక్కి పెట్టారు అన్నది. ఫోర్క్ పైన ఉన్న స్క్రూ తిప్పితే అది మారుతుంది. మీ పరుపు బాగా మెత్తగా ఉంది అనుకోండి. దాని కింద చెక్క పలక పెడితే మంచం ఎత్తు పెరుగుతుంది. పరుపు గట్టిపడుతుందా? పడదు. ప్రీలోడ్ ఆ పలక. ఎత్తు మారుస్తుంది, స్ప్రింగు గట్టిదనం మార్చదు. గట్టిదనం మార్చాలంటే పరుపే మార్చాలి.

కుంగు కొలవడానికి డబ్బు ఖర్చు లేదు. ముగ్గురు మనుషులు, ఒక టేపు, ఒక జిప్ టై చాలు. జిప్ టైని మెరిసే లోపలి గొట్టం చుట్టూ బిగించాలి, వేలితో తోస్తే జరిగేంత బిగువుగా. ముందు చక్రం నేల విడిచేలా బండి ఎత్తి, ఫోర్క్ పూర్తిగా సాగినప్పుడు కొలత రాసుకోవాలి. తరువాత నడిపే మనిషి పూర్తి గేరుతో, రోడ్డు మీద కూర్చున్నట్టే కూర్చోవాలి. ఒకరు బండి నిలబెట్టాలి, ఒకరు కొలవాలి. గొట్టాల మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి రెండుసార్లు కొలవండి. ఒకసారి ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా వదిలి, ఒకసారి పైకి ఎత్తి మెల్లగా దింపి. రెండింటి సగటు మీ కుంగు. మనిషి లేకుండా బండి తన బరువుకే ఎంత కుంగుతుందో అది కూడా రాసుకోండి. దాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు రహస్యం అందులోనే ఉంటుంది.

మా ఇంటి గ్యారేజీలో ఆ ఆదివారం అక్క కూడా ఉంది. వంట తెచ్చి, వెళ్ళకుండా నిలబడింది. మేనకోడలి కుంగు 24 వచ్చింది. నా బండి తెచ్చి నన్ను కొలిస్తే 52. అదే బండి, అదే ఫోర్క్. ఒకటి సగం దారి కూడా కుంగలేదు, ఇంకొకటి ఎక్కగానే కూలబడింది.

"ఇప్పుడు బరువులు రాయాలి" అన్నాను.

"ముందు నువ్వు చెప్పు మామా" అంది.

స్నానాలగది తూకం తెప్పించి, గేరుతో నిలబడ్డాను. 108. అక్క "నూట ఎనిమిదా!" అంది. గేరు 10 కేజీలు ఉంటుందని చెప్పినా ఆమె వినిపించుకోలేదు. ఆ రోజు నాకు అన్నం కొంచెం తక్కువే వడ్డించింది. మేనకోడలు గేరుతో 62.

ఇక స్ప్రింగులు విప్పి చూడాలి. రెండు బండ్లనూ ఒకదాని తరువాత ఒకటి గ్యారేజీ దూలానికి గట్టి పట్టీలతో కట్టి, ముందు చక్రం పైకి లేపాం. మీరు చేసేటట్టయితే ఒక జాగ్రత్త: ఫోర్క్ పైన మూత కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి మరలు ఊడగానే మూత పైకి తన్నుకొస్తుంది. తువ్వాలు వేసి అరచేత్తో బలంగా నొక్కి పట్టుకుని తిప్పండి. ముఖం దాని పైన పెట్టకండి. కళ్ళద్దాలు పెట్టుకోండి.

మేనకోడలి ఫోర్క్‌లోంచి వచ్చినవి కంపెనీ స్ప్రింగులు కావు. లావు తీగతో చేసినవి, పొట్టివి. పైన ప్లాస్టిక్ పీవీసీ గొట్టం ముక్క పెట్టి పొడవు సరిచేశారు. అంతకు ముందు ఆ బండి ఎవరిదో మాకు తెలియదు, కానీ ఆయన పెద్ద మనిషి అయి ఉండాలి. తనకు సరిపోయేలా చక్కగా చేయించుకున్నాడు. తప్పు ఆయనది కాదు. బండి చేతులు మారింది, స్ప్రింగులు మారలేదు.

వాటి మీద ఏ అంకే లేదు. అందుకని బడి వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. డ్రిల్ ప్రెస్ కింద స్నానాలగది తూకం పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, వంగకుండా లోపల ఒక కర్ర పెట్టి, పైనుంచి నొక్కాను. 25 మిల్లీమీటర్లు నొక్కితే ఆమె స్ప్రింగు 24 కేజీలు చూపించింది. 24ను 25తో భాగిస్తే 0.96. అంటే ఒక మిల్లీమీటరు కుంగాలంటే 0.96 కేజీ కావాలి. నా స్ప్రింగు అదే 25కు 18 కేజీలు చూపించింది. 0.72. ఇంకో 25 నొక్కి చూశాను, రెండూ అదే లెక్కలో పెరిగాయి. ఇలాంటి వాటిని సమానంగా గట్టిపడే స్ప్రింగులు అంటారు. కొన్ని స్ప్రింగులు చుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉండి, నొక్కేకొద్దీ మరింత గట్టిపడతాయి. అవి అందరికీ కాస్త కాస్త సరిపోయేలా చేసినవి. నాకు అవి నచ్చవు. మెత్తటి భాగం కూర్చోగానే అయిపోతుంది. ఆ తరువాత ఏం మిగిలిందో చేతికి తెలియదు.

ఇంతకూ సరైన అంకె ఎంత? మా బండి లాంటి, సుమారు 190 కేజీల రోడ్డు బండికి, 55 కేజీల మనిషికి 0.75 నుంచి 0.80 దాకా, 75 కేజీల మనిషికి 0.85 లేదా 0.90, నా లాంటివారికి 0.95 లేదా 1.0. ఇవి గేరు లేని బరువులు, ఉజ్జాయింపు అంకెలు. బండి మారితే మారతాయి. అమెరికాలో రేస్ టెక్, సోనిక్ స్ప్రింగ్స్ వంటివారు బండి పేరు, నడిపేవారి బరువు అడిగే అమ్ముతారు. స్ప్రింగులు మామూలుగా 0.05 తేడాతో దొరుకుతాయి. కొన్నిచోట్ల అంగుళానికి పౌండ్లలో రాస్తారు. మిల్లీమీటరుకు 1 కేజీ అంటే అంగుళానికి 56 పౌండ్లు.

ఇక్కడ మీరు అడగవచ్చు: కంపెనీ ఎందుకు సరిగ్గా పెట్టి ఇవ్వదు? పెట్టలేదు. కొనేది 50 కేజీల అమ్మాయో, 110 కేజీల మాస్టారో కంపెనీకి తెలియదు. ఎవరో ఒక "మామూలు మనిషి"ని ఊహించుకుంటుంది.

ఈ మామూలు మనిషి మన కుటుంబాలకు పాత పరిచయమే. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా మా పెద్దలు ఫిజీ వెళ్ళారు. మీ పెద్దలు అంతకు ముందే మారిషస్‌కో నాటాల్‌కో వెళ్ళి ఉండవచ్చు. ఫిజీ గిరిమిట్ చట్టంలో "టాస్కు" అంటే, ఆరోగ్యంగా ఉన్న ఒక మామూలు మగవాడు ఆగకుండా 6 గంటల్లో చేయగలిగే పని. ఆడవారికి అందులో ముప్పాతిక. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి 9 పెన్నీలు. చెరకు తోటలో గొలుసుతో కొలిచి ఇచ్చేవారు. చిన్న ఒళ్ళు మనిషికీ అంతే, జ్వరం నుంచి లేచిన మనిషికీ అంతే. టాస్కు పూర్తి కాకపోతే కూలి కోత. ఆ మామూలు మనిషి ఎవరో, ఎవరూ తూచి చూడలేదు. ఈ పోలికను ఇక్కడితో ఆపేస్తాను. స్ప్రింగు మార్చుకోవచ్చు. వాళ్ళకు ఆ వీలు లేదు.

ఇప్పుడు మా రెండు బండ్ల లెక్క మీరే చెప్పగలరు. ఆమె 54 కేజీలు, ఆమె దగ్గర 0.96. నేను 98, నా దగ్గర 0.72. గ్యారేజీలో బల్ల మీద నాలుగు స్ప్రింగులు పక్కపక్కన ఉన్నాయి. మేనకోడలు వాటిని చూసి, నన్ను చూసి, నవ్వింది. ఒక్క డాలరు పెట్టి కొనకుండానే మందు ఎదురుగా ఉంది.

స్ప్రింగులతో పాటు పీవీసీ ముక్కలు కూడా మార్చుకున్నాం, ఎందుకంటే పొట్టి స్ప్రింగుకు ఆ ముక్క జత. ఫోర్క్ ఆయిల్ మాత్రం కొత్తది కొన్నాం. గట్టి స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు బలంగా తన్నుతుంది, దాన్ని ఆపడానికి చిక్కటి ఆయిల్ కావాలి. నాకు 15, ఆమెకు 10. ఆయిల్ ఎంత పోయాలో మాన్యువల్‌లో ఉంటుంది. స్ప్రింగు తీసి, ఫోర్క్ పూర్తిగా ముడిచి, పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలవాలి. మీ రెండు ఫోర్క్ కాళ్ళలోనూ ఆ కొలత ఒకటే ఉండాలి. ఆయిల్ పైన ఉన్న గాలి కూడా చివర్లో స్ప్రింగులా పనిచేస్తుంది.

మళ్ళీ కొలిచాం. ప్రీలోడ్ కాస్త సరిచేశాక ఆమెకు 36, నాకు 37.

అప్పుడు ఆ వదిలేసే కొలత చూశాం, మనిషి లేకుండా బండి ఒక్కటే కుంగే కొలత. మనిషి కూర్చున్నప్పటి కుంగు సరిగ్గా ఉన్నంత మాత్రాన స్ప్రింగు సరైనదని కాదు. మెత్తటి స్ప్రింగును ప్రీలోడ్‌తో బాగా నొక్కి 37 రప్పించవచ్చు. కానీ అప్పుడు మనిషి దిగగానే బండి పైకంటా లేచిపోతుంది, తన బరువుకు అసలు కుంగదు. అలా ఉంటే స్ప్రింగు మీకు మెత్తనిది. దానికి తిరగవేత: మనిషితో కుంగు సరిగ్గా ఉండి, మనిషి లేకుండా కూడా బండి దాదాపు అంతే కుంగి ఉంటే, స్ప్రింగు మీకు మరీ గట్టిది. మాకు ఇద్దరికీ బండి ఒక్కటే 25 చుట్టుపక్కల కుంగింది. బాగానే ఉంది.

తరువాతి ఆదివారం ఖాళీ పార్కింగు స్థలంలో గట్టిగా బ్రేకులు వేసి చూశాం. బ్రేకు వేస్తే బండి బరువు, మనిషి బరువు దాదాపు అంతా ముందు చక్రం మీదికి వస్తుంది. పాత స్ప్రింగులతో నా ఫోర్క్ ఠంగున అడుగు తాకేది. ఇప్పుడు తాకలేదు. ఆమె మాత్రం బ్రేకుల గురించి ఏమీ అనలేదు. అరిగిన కాంక్రీటు మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చి, "మామా, చేతులు మొద్దుబారడం లేదు" అంది. ఇన్నాళ్ళూ చేతులు మొద్దుబారుతున్నాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రి డ్యూటీ అలసట అనుకుందట.

అక్కకు చెప్పింది నిజమే చెప్పాను. జారడానికి తడి కూడా కారణమే. పొగమంచులో ఏ స్ప్రింగూ కనుచూపు పెంచదు. టూలీ మంచు పడిన రోజున బండి తీయనని మేనకోడలు ఒప్పుకుంది. ఆ రోజుల్లో నేను దింపుతాను. బండి అమ్మకం ఆగింది. అక్క ఒప్పుకున్నట్టు కాదు, ఊరుకుంది.

మీలో ఎవరైనా వాడిన బండి కొంటే, కొన్న వారంలోనే కుంగు కొలవండి. మీ ముందువారు ఎవరి కోసం దాన్ని సరిచేసుకున్నారో మీకు తెలియదు. అమ్మాయిలు, మీకు మరీ చెబుతున్నాను. "తేలికైనవాళ్ళకు ఏ స్ప్రింగైనా మోస్తుంది" అని షాపులో అంటే నమ్మకండి, మోయడం ఒక్కటే దాని పని కాదు. ఇద్దరు కూర్చుని తిరిగేవారైతే రెండో మనిషి బరువు ఎక్కువగా వెనక స్ప్రింగు మీద పడుతుంది, దాన్నీ అదే పద్ధతిలో కొలవాలి. మేము ఇంకా కొలవలేదు.

సీటు కింద ఒక కాగితం పెట్టుకోండి: తేదీ, గేరుతో బరువు, కుంగు, స్ప్రింగు అంకె, ఆయిల్. బరువు 8, 10 కేజీలు మారితే మళ్ళీ కొలవండి. షుగరు వల్ల నన్ను 85కు దిగమని డాక్టరు అంటున్నారు. దిగితే 0.96 నాకు గట్టిదవుతుంది, 0.90 కొనాలి. ఆ సంగతి ఆవిడకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

మొన్న మేనకోడలు 108వ నంబరు రోడ్డు మీద సొనోరా దాకా కొండదారిలో వెళ్ళి వచ్చింది. వచ్చాక జిప్ టై ఎక్కడ ఆగిందో కొలిచాం. 130లో 101. అక్క వంటింట్లోంచే అడిగింది, "ఎంత వచ్చింది?"